నోరు పడిపోతే మాట పోయినట్టేనా?

ఆదోని: మంచం పట్టిన ఇంటిపెద్ద చుట్టూ నలుగురు నిలబడి ఆయన గురించే మాట్లాడుకోవడం మన పల్లెల్లో కొత్త సంగతి కాదు. చేతులు రావు. కాళ్ళు రావు. మెడ నిలవదు. రెండు నెలల కిందటి దాకా ముద్దముద్దగానైనా వచ్చిన మాట ఇప్పుడు గొంతులో గురగురగా మిగిలింది. చూడవచ్చిన బంధువు మంచం పక్కనే నిలబడి "ఆయప్పకు ఏం తెలుస్తాదిలే" అంటాడు. కొడుకు పొలం కౌలు సంగతి, కోడలు ఆసుపత్రి ఖర్చు సంగతి, అల్లుడు ఇంటి వాటా సంగతి ఆయన ఎదుటే తేల్చుకుంటారు. ఆయన కళ్ళు మాత్రం ఒకరి ముఖం మీదినుంచి మరొకరి ముఖం మీదికి తిరుగుతూ ఉంటాయి. ఆ కళ్ళు ఏం చెబుతున్నాయో ఎవరూ అడగరు.

వచ్చిన జబ్బు మోటార్ న్యూరాన్ జబ్బు అయితే ఆయనకు చాలావరకు అంతా తెలుస్తూనే ఉంటుంది. కౌలు ఎంతకు పోయిందో తెలుసు. తనను గురించి ఎవరు ఏమన్నారో తెలుసు. చెప్పే దారి ఒక్కటే మూసుకుపోయింది. ఆ దారిని మళ్ళీ తెరవవచ్చునని, అందుకు లక్షల రూపాయల యంత్రం అక్కరలేదని మన ఆసుపత్రి చీటీల మీద ఎవరూ రాయరు. మందులు రాస్తారు, పరీక్షలు రాస్తారు, అంతే.

ఈ జబ్బు పేరు మన వైపు చాలామంది విని ఉండరు. నరాల బలహీనత అంటారు, వాతం అంటారు, గాలి సోకిందంటారు. పక్షవాతంతో కలిపేసి నాటు మందుల కోసం ఊళ్ళు తిరుగుతారు. పక్షవాతం వేరు. అది ఒక్కసారిగా వస్తుంది. మెదడులో రక్తనాళం మూసుకుపోవడమో, చిట్లడమో దానికి కారణం. మోటార్ న్యూరాన్ జబ్బు మెల్లగా పాకుతుంది. మెదడులోను, వెన్నుపాములోను ఉండి కండరాలకు కదలమని ఆజ్ఞ పంపే నరకణాలు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. ఆజ్ఞ అందని కండరం నానాటికీ కరిగిపోతుంది. మొదట చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. లేదా నడుస్తుండగా చెప్పు కాలినుంచి జారిపోతుంది. ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చునేవానికి నాడె పట్టు తప్పుతుంది, పత్తి తీసే కూలి మనిషికి వేళ్ళు దూదిని పట్టవు. కొందరికి జబ్బు మొదటే నాలుక మీద పడుతుంది. మాట తడబడుతుంది. అలాంటివాళ్ళకు పాపం, తాగి వచ్చారన్న అపవాదు కూడా తప్పదు.

ఫ్రాన్సు దేశపు డాక్టరు షార్కో ఈ జబ్బును 1869లో వివరించారు. 150 ఏళ్ళు దాటినా నయంచేసే మందు రాలేదు. 1995లో అనుమతి పొందిన రిలుజోల్ అనే మందు కొద్ది నెలల ఆయుష్షు కలుపుతుంది. జబ్బు మొదలైన రెండు నుంచి అయిదేళ్ళలో చాలామందికి ఊపిరి తీసే కండరాలు కూడా ఓడిపోతాయి. పదేళ్ళు దాటి బతికినవారూ ఉన్నారు. ఎవరికి ఎంత అన్నది ముందుగా చెప్పడం కష్టం.

అయితే ఈ జబ్బు సామాన్యంగా ముట్టుకోనివి కొన్ని ఉన్నాయి. చూపు ఉంటుంది. ఒంటి మీద ఈగ వాలినా తెలుస్తుంది. తోలుకోవడానికి చెయ్యి మాత్రం రాదు. కనుగుడ్లను తిప్పే కండరాలు దాదాపు చివరిదాకా పనిచేస్తాయి. బుద్ధి కూడా చాలామందిలో నిలిచే ఉంటుంది. కొందరిలో ఆలోచనలోనో, నడతలోనో మార్పు వచ్చే మాట నిజమే. ఆ సంగతి తేల్చవలసింది పరీక్ష చేసిన డాక్టరే గాని ఊరి కట్ట మీద కూర్చున్న నలుగురు కాదు. ఇంకొక చిక్కు ఉంది. కొందరు రోగులు కారణం లేకుండా భోరున ఏడుస్తారు, చావు ఇంటి కబురు చెబుతుంటే పకపకా నవ్వుతారు. చూసినవాళ్ళు మతి పోయిందనుకుంటారు. అది మతి పోవడం కాదు. ఏడుపును, నవ్వును అదుపులో పెట్టే నరాల దారి దెబ్బతినడం. నవ్వు ఆగిన తరువాత ఆ మనిషే సిగ్గుతో కుంగిపోతాడు.

దక్షిణాదికి ఈ జబ్బుతో ఒక ప్రత్యేక సంబంధం ఉంది. 1970లో మద్రాసు డాక్టర్లు మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి కుర్రవయసులో వచ్చే మరో రకాన్ని గుర్తించి రాశారు. దానికి మద్రాసు మోటార్ న్యూరాన్ జబ్బు అనే పేరు స్థిరపడింది. ఆ తరువాత తమిళనాడులోనే గాక ఇతర దక్షిణాది రాష్ట్రాల్లో కూడా అది కనిపించింది. బెంగుళూరు నిమ్హాన్స్ డాక్టర్లు దాని మీద చాలా కృషి చేశారు. ఈ రకం నెమ్మదిగా ముదురుతుంది, మనిషి చాలా ఏళ్ళు బతుకుతాడు. ముఖం, నాలుక బలహీనపడతాయి. చాలామందికి చెవుడు కూడా వస్తుంది. కుర్రవాడు, చాలా ఏళ్ళు బతకవలసినవాడు, మాట సరిగా రాదు, వినపడదు. అతనికి ఏర్పాటు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

నిర్ణయం ఎవరిది?

స్టీఫెన్ హాకింగ్ పేరు మన హైస్కూలు పిల్లలకు తెలుసు. ఇంగ్లండులో 1963లో, 21 ఏళ్ళ వయసులో ఆయనకు ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. 1985లో జెనీవా వెళ్ళినప్పుడు నిమోనియా పట్టుకుంది. స్పృహ లేదు, శ్వాసయంత్రం మీద ఉన్నారు. యంత్రం తీసివేయమంటారా అని డాక్టర్లు ఆయన భార్య జేన్‌ను అడిగారు. ఆమె వద్దన్నారు. కేంబ్రిడ్జికి తీసుకుపోయి గొంతుకు రంధ్రం వేసి గొట్టం అమర్చారు. ప్రాణం నిలిచింది. అంతంతమాత్రంగా ఉన్న మాట పూర్తిగా పోయింది. ఆ తరువాత ఆయన ఇంకా 33 ఏళ్ళు బతికారు. లోకమంతా చదివిన పుస్తకం 1988లో వెలువరించారు. 2001 జనవరిలో మన దేశానికి వచ్చి బొంబాయిలో ఉపన్యాసం కూడా ఇచ్చారు. 2018 మార్చి 14న కన్నుమూశారు.

హాకింగ్ అనగానే అందరికీ కంప్యూటరు గొంతు గుర్తుకు వస్తుంది. కాని మాట పోయిన కొత్తలో ఆయనకు దక్కింది కంప్యూటరు కాదు. అక్షరాలు రాసిన ఒక అట్ట. ఎదుటి మనిషి ఒక్కొక్క అక్షరం చూపుతుంటే కావలసిన చోట ఆయన కనుబొమ్మ ఎత్తేవారు. కంప్యూటరు తరువాత వచ్చింది. దానిలో నడిచే ప్రోగ్రామును అమెరికాలోని వాల్టర్ వోల్టోజ్ అనే ఇంజనీరు ఇదే జబ్బు వచ్చిన తన అత్తగారి కోసం తయారుచేశారు. అత్తగారి కోసం అల్లుడు పడ్డ పాటు ప్రపంచానికి ఉపయోగపడింది.

గొట్టం వేయాలా వద్దా అనే ప్రశ్న ఒకనాడు మన ఇళ్ళకూ వస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రిలోనో, బెంగుళూరులోనో డాక్టరు బయటికి వచ్చి "ఏం చేద్దామంటారు?" అని అడుగుతారు. కొడుకులు ముఖముఖాలు చూసుకుంటారు. ఖర్చు లెక్క వేస్తారు. లెక్క వేయడం తప్పు కాదు, ఇంట్లో ఉన్నదే అంత. కాని గొట్టం ఎవరి గొంతుకో ఆ మనిషిని ఎవరైనా అడిగారా? అడగాలంటే జవాబు చెప్పే పద్ధతి ముందే ఏర్పడి ఉండాలి. నోట మాట ఉన్న రోజుల్లోనే మొదలుపెట్టాలి. మాట పోయి, ఊపిరి అందక కొట్టుకునే రాత్రి కూర్చుని అక్షరాల అట్ట నేర్పుదామంటే అయ్యే పని కాదు.

ఆడమనిషికి వస్తే సంగతి ఇంకా అన్యాయం. మాట వచ్చినన్నాళ్ళూ అడగని ఇంట్లో, మాట పోయిన తరువాత ఎవరు అడుగుతారు?

తువాలు కింది వేళ్ళు

ఎద్దుల సంతలో దలాలీలు నోరు విప్పకుండా బేరం చేయడం ఎరుగని రైతు లేడు. తువాలు కింద చేతులు కలుపుతారు, వేళ్ళు పడతారు, వేలకు వేలు ధర తెగిపోతుంది. పక్కన నిలబడినవానికి అంతు చిక్కదు. ఇద్దరి మధ్య ముందే ఒప్పందం ఉంటే చాలు, ఏ వేలు పడితే ఎంత అన్నది అర్థమవుతుంది. మంచంలో ఉన్న మనిషితో కావలసింది కూడా అలాంటి ఒప్పందమే. ఇక్కడ వేలికి బదులు కన్ను.

మొదటిది అవును, కాదు. అవునంటే కళ్ళు పైకెత్తాలి. కాదంటే కళ్ళు గట్టిగా మూసి కొంతసేపు ఉంచాలి. రెండింటికీ రెండు గుర్తులు ఉండాలి. జవాబు రాకపోతే కాదని అర్థం చేసుకోరాదు. ఆయన నిద్రపోతూ ఉండవచ్చు, అలసి ఉండవచ్చు, ప్రశ్నే నచ్చకపోయి ఉండవచ్చు. ప్రశ్న కూడా ఒక్కటే అడగాలి. "నాయనా, నీళ్ళు కావాల్నా, మజ్జిగ కావాల్నా, లేక పక్కకు తిప్పాల్నా?" అని ఒక్క ఊపిరిలో అడిగితే ఆయన దేనికి కళ్ళెత్తాలి? అడిగిన తరువాత కాసేపు ఓపిక పట్టాలి. మనవాళ్ళకు కష్టమైనది అదే.

ఇక అక్షరాల అట్ట. ఈ విషయంలో తెలుగువాళ్ళకు ఇంగ్లీషువాళ్ళకన్నా సులువు ఉంది. ఫ్రాన్సులో బాబీ అనే పత్రికా సంపాదకునికి 1995లో మెదడుకు దెబ్బ తగిలి ఎడమ కంటి రెప్ప తప్ప ఏదీ కదలకుండా పోయింది. అది ఈ జబ్బు కాదు, పక్షవాతమే. ఎక్కువగా వాడే అక్షరం మొదట వచ్చేలా వర్ణమాలను తిరగరాసి, ఒకరు చదువుతుంటే రెప్ప కొట్టి ఆయన ఒక పుస్తకమే చెప్పారు. అది 1997లో అచ్చయింది. మనకు తిరగరాసే పని లేదు. మన వర్ణమాల వరుసలుగానే పుట్టింది. అ వరుస, క వరుస, చ వరుస, ట వరుస, త వరుస, ప వరుస, చివరన య ర ల వ లు, స హ ళ లు. పెద్ద బాలశిక్ష తిరగేసిన ముసలివానికైనా, నాలుగో తరగతి మనవడికైనా ఈ వరుసలు నోటికి వచ్చు.

ఒక పెద్ద అట్ట మీద ఈ వరుసలు లావుగా రాసుకోవాలి. వత్తు పలికే ఖ, ఘ వంటివి వదిలివేయవచ్చు, క, గ లతోనే పని జరుగుతుంది. దీర్ఘాలు, గుణింతాలు రాయనక్కరలేదు. ఎదుట కూర్చున్నవాళ్ళు మొదట వరుస అడగాలి. "అ వరుసా? క వరుసా? చ వరుసా?" కళ్ళు పైకి లేచిన చోట ఆగి ఆ వరుసలో అక్షరాలు ఒక్కొక్కటే చదవాలి. మగ్గం డిజైను గీసే గళ్ళ కాగితంలో ముందు అడ్డం, తరువాత నిలువు చూసి గడి పట్టినట్టే. దొరికిన అక్షరం పక్కన కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే నాలుగో అక్షరానికి మొదటిది మరిచిపోతారు.

న వచ్చి ళ వస్తే "నీళ్ళా?" అని అడిగితే సరిపోతుంది. ద, డ వస్తే దిండు కావచ్చు. క, ల వచ్చిందనుకోండి. కాలా, కూలా, కల్లా? నవ్వుకోకుండా మూడూ అడగాలి. జొన్న రొట్టెతోనే బతుకు వెళ్ళదీసిన మనిషి ఒక్క పూట కల్లు అడిగినా తప్పేముంది! ఊహించి మాట పూర్తి చేయవచ్చుగాని, ఆ మాట అవునో కాదో ఆయన కళ్ళే చెప్పాలి. అట్ట అంచున నాలుగు మాటలు తప్పకుండా రాసి పెట్టాలి: తప్పు, మళ్ళీ మొదలుపెట్టు. ఇంకా చెప్పేది ఉంది. కోపంగా ఉంది. అందరూ బయటికి పోండి.

మూడు, నాలుగు వారాలు అలవాటైతే ఇంట్లో పిల్లలకు అట్ట కూడా అక్కరలేదు. నోటితో వరుసలు చదువుతూనే మాట పట్టేస్తారు. చెవుడు ఉన్న రోగికి నోటితో చదివితే లాభం లేదు. వరుస మీద వేలు పెట్టి చూపాలి. పగలు కిటికీ వెలుతురు మన ముఖం మీద పడేలా కూర్చోవాలి. ఆయన అంతకుముందు కళ్ళజోడు పెట్టుకునేవాడైతే ఇప్పుడూ పెట్టాలి. ఆశ్చర్యంగానే ఉంటుందిగాని, మంచం పట్టిన మనిషికి కళ్ళజోడు ఎందుకని గూట్లో పెట్టేసే ఇళ్ళు ఉన్నాయి.

చదువు రానివారి మాట ఏమిటి? అవిభక్త కర్నూలు జిల్లా అక్షరాస్యత 2011 జనాభా లెక్కల్లో 60 శాతం దగ్గర ఆగింది. కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు పెద్దవయసువాళ్ళలో అక్షరం రానివారు ఇంటికొకరు కనబడతారు. వారికి బొమ్మల అట్ట. నీళ్ళు, బువ్వ, దిండు, ఫ్యాను, దోమ, దురద, కఫం, మూత్రం, నొప్పి. ఒక మనిషి బొమ్మ గీస్తే నొప్పి ఎక్కడో దాని మీద చూపి అడగవచ్చు. కొడుకులు, కూతుళ్ళు, మనవల ఫొటోలు అతికించాలి. సేద్యగాడైతే ఆయన ఎద్దుల ఫొటో కూడా. కొందరు ఎద్దులను అడిగిన తరువాతనే మనవలను అడుగుతారు. ఇంట్లో మాట్లాడేది కన్నడమైతే కన్నడంలో, ఉర్దూ అయితే ఉర్దూలో అట్ట రాయాలి. ఆదోనిలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. లంబాడీ తండాలో పుట్టి పెరిగిన ముసలమ్మకు తెలుగు అక్షరాల అట్ట ఏం చేస్తుంది?

ఇంకొకటి ఉంది, అట్టకన్నా ముఖ్యమైనది. పిలవడం. రాత్రి రెండు గంటలకు కఫం అడ్డుపడితే అరవలేని మనిషి ఇంట్లోవాళ్ళను ఎలా లేపాలి? ఒక్క వేలు కదిలినా, మోకాలు కొద్దిగా ఒరిగినా అక్కడ కాలింగ్ బెల్లు మీట అమర్చవచ్చు. ఊళ్ళో కరెంటు పని చేసే కుర్రవాడు గంటలో చేసే పని అది. దీనికి న్యూరాలజిస్టు అక్కరలేదు.

సాధారణంగా ఈ కళ్ళ భాష ఇంట్లో ఒక్కరికే అలవాటవుతుంది. ఆ ఒక్కరూ భార్యే అవుతుంది. ఆమె పత్తి చేనికి పోతే ఆయన మాట కూడా ఆమె వెంట పోతుంది. సుగ్గి కాలంలో ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప చేలకు వలసపోయే కుటుంబాలు మన పడమటి మండలాల్లో ఎన్నో. ముసలివాళ్ళను, మంచం పట్టినవాళ్ళను పక్కింటివాళ్ళకు అప్పగించి పోతారు. ఆ పక్కింటివాళ్ళకు అవును, కాదు గుర్తులైనా తెలిసి ఉండాలి. అవి ఒక కాగితం మీద రాసి మంచం తలవైపు గోడకు అతికిస్తే చాలు. ఆసుపత్రిలో చేర్చినా ఆ కాగితం వెంట పోవాలి. డ్యూటీ మారిన నర్సుకు చెప్పేవారెవరు?

యంత్రాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కంటి చూపును పట్టి తెర మీద రాసే యంత్రాలు వచ్చాయి. ధర కూలి కుటుంబానికి అందేది కాదు. హాకింగ్ కోసం ఇంటెల్ కంపెనీ తయారుచేసిన ప్రోగ్రామును 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. దానికి కంప్యూటరు, నేర్పేవారు కావాలి. 2020లో గూగుల్ వారు ఆండ్రాయిడ్ ఫోనులో చూపును పక్కకు, పైకి తిప్పి ముందుగా రాసిపెట్టిన మాటలను పలికించే యాప్ ఇచ్చారు, అదీ ఉచితమే. ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంటే ప్రయత్నించవచ్చు. కరెంటు పోయినా, ఫోను పగిలినా అట్ట మాత్రం పనిచేస్తుంది. 2014లో ఈ జబ్బు కోసమని లోకమంతా నెత్తిన ఐసు నీళ్ళు బకెట్లతో గుమ్మరించుకున్నారు. బిందె నీళ్ళ విలువ తెలిసిన ఆదోనివాళ్ళకు అదొక వింత. కాకపోతే దాని వల్ల పరిశోధనకు డబ్బు పోగైన మాట వాస్తవం.

ఫోనుకు ఇంకొక ఉపయోగం ఉంది, దానికి ఖర్చు లేదు. మాట తడబడడం మొదలైన రోజే ఆ మనిషి గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలి. భార్యను పిలిచే పిలుపు, మనవడిని ముద్దుగా తిట్టే తిట్టు, ఎద్దులను అదిలించే అదిలింపు, "బువ్వ తిన్యావా?" అనే మాట. తరువాత మీట నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది. ఆరు నెలలు ఆగితే ఆ గొంతు ఉండదు.

చట్టం ఏమంటోంది?

మాట రాని మనిషి చెప్పింది చెల్లదని ఊళ్ళో వాదించేవారికి ఒక పాత తీర్పు చెప్పాలి. 1885లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఒక హత్య కేసు వచ్చింది. గొంతు కోయబడి మాట పోయిన యువతిని చనిపోకముందు ప్రశ్నలు అడిగారు. ఆమె చేతి సైగలతో జవాబులు చెప్పింది. ప్రశ్న, సైగ కలిపి చూస్తే అది ఆమె వాంగ్మూలమేనని హైకోర్టు అంగీకరించింది. నోట మాట రాని సాక్షి రాతతోనో, సైగలతోనో సాక్ష్యం చెప్పవచ్చునని సాక్ష్య చట్టమూ చెబుతుంది. 140 ఏళ్ళ కిందట కోర్టు ఒప్పుకున్నదాన్ని మన ఇంటి పంచాయితీలు ఇంకా ఒప్పుకోవడం లేదు.

పొలం కాగితాల విషయమే తీసుకుందాం. కదలలేని మనిషి వేలు పట్టుకుని సిరా అద్ది కాగితం మీద నొక్కడం ఎంత సేపు? ఆయన కళ్ళు వద్దంటున్నా వేలిముద్ర పడుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒంట్లో శక్తి లేక కార్యాలయానికి రాలేని మనిషి ఇంటికి అధికారే రావచ్చు, లేదా ఎవరినైనా పంపి విచారించవచ్చు. అలా వచ్చినప్పుడు అడగవలసింది చుట్టూ నిలబడినవాళ్ళను కాదు, మంచంలో ఉన్నవానిని. ఇక్కడ అట్టతో ఒక ప్రమాదం కూడా ఉందని దాచకుండా చెప్పాలి. అట్ట పట్టుకున్నవాడు తనకు కావలసిన మాటనే ఊహించి రాసుకోవచ్చు. కనుక ఆస్తి మాట వచ్చినప్పుడు అట్ట పట్టేవాడు ఆస్తి పొందేవాడు కాకూడదు. బడి పంతులో, ఊళ్ళో ఏ పక్షానికీ చెందని మనిషో పట్టాలి. అదే ప్రశ్నను తిప్పి రెండోసారి అడగాలి. పెద్ద కొడుక్కా అని ఒకసారి, చిన్న కొడుక్కా అని ఒకసారి. రెండు జవాబులూ కలిస్తేనే జవాబు. ఇద్దరు సాక్షుల ఎదుట, ఫోనులో వీడియో తీసి మరీ చేస్తే తరువాత తగువు ఉండదు.

గొట్టం, శ్వాసయంత్రం విషయంలో కూడా ముందుగానే తన కోరిక రాసిపెట్టే వీలుంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దాన్ని గుర్తించింది. 2023లో పద్ధతిని సులభం చేసి, ఇద్దరు సాక్షులతో నోటరీ ఎదుటగాని గెజిటెడ్ అధికారి ఎదుటగాని చేయవచ్చునన్నారు. చెయ్యి, నోరు ఉన్నప్పుడే ఆ పని చేసుకోవడం మేలు. వద్దని రాసేవారు వద్దని రాస్తారు, కావాలనేవారు కావాలని రాస్తారు. రెండింటిలో ఏది రాసినా ఆ మనిషి హక్కే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఈ జబ్బు పేరు విడిగా లేదు. అయినా నరాల వల్ల కదలిక పోవడం ఒక వైకల్యంగా, నరాల వల్ల మాట పోవడం మరొక వైకల్యంగా అందులో ఉన్నాయి. సర్టిఫికెట్టుకు పోయినప్పుడు కాళ్ళు చేతులు చూపి ఊరుకోకుండా, మాట పోయిన సంగతి కూడా రాయించుకోవాలి. అదే చట్టం సంభాషణ అనే మాటకు అర్థం చెబుతూ, మాటకు తోడుగా వాడేవి, మాటకు బదులుగా వాడేవి కూడా అందులో చేర్చింది. అంటే మన గళ్ళ అట్ట చట్టం ఎరిగిన భాషే.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో పింఛన్లు పెంచింది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి నెలకు 15,000 రూపాయలు నిర్ణయించింది. మెచ్చుకోవలసిన పని. కాని డబ్బు మంచం దాకా వచ్చిందిగాని మాట నేర్పే మనిషి రాలేదు. మాట వైద్యం నేర్పే జాతీయ సంస్థ మైసూరులో 1965 నుంచి ఉంది. ఆదోని నుంచి కర్నూలుకే దాదాపు 100 కిలోమీటర్లు, మైసూరు సంగతి చెప్పనక్కరలేదు. మెడ నిలవని మనిషిని బస్సులో అంత దూరం ఎవరు తీసుకుపోగలరు? ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులకు వారానికి ఒక్క రోజైనా మాట వైద్యం తెలిసినవారిని పంపడం జిల్లా వైద్యాధికారులకు అసాధ్యం కాదు.

అంతదాకా ఆగనక్కరలేదు కూడా. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి టీచర్లు మాట రాని పిల్లలతో రోజూ మెలిగేవారే. వారు నెలకు ఒక్క పూట ఆశా కార్యకర్తలకు, సచివాలయం నర్సమ్మలకు ఈ పద్ధతి నేర్పితే ఊరూరికీ చేరుతుంది. చదువుకున్న యువజన సంఘాలు జాతరకు కట్టే ఫ్లెక్సీ ఒకటి తగ్గించుకున్నా ఒక మండలానికి సరిపడా అట్టలు అచ్చవుతాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు పేద నేతగాళ్ళను కూడగట్టి సహకార సంఘం పెట్టినప్పుడు ఎవరో వచ్చి చేస్తారని కూర్చోలేదు.

నెలనెలా పింఛను ఇవ్వడానికి సచివాలయం ఉద్యోగి మంచం దగ్గరికి వస్తున్నాడు. వేలిముద్రో, ముఖం ఫొటోనో తీసుకుంటాడు. "ఎలా ఉన్నాడమ్మా?" అని భార్యను అడిగి పోతాడు. వచ్చే నెల ఆ సంచిలో నోట్లతోపాటు ఒక అట్ట కూడా పెట్టి పంపాలి. ఆ ప్రశ్న భార్యను కాకుండా ఆయననే అడగమని, జవాబు వచ్చేదాకా రెండు నిమిషాలు నిలబడమని కలెక్టరుగారు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.